కుట్టు నిలిచినా ఆగని తడి

నొప్పులు రెండు మూడు రోజులు సాగినా బిడ్డ తల కటి ఎముకల మధ్యే ఇరుక్కుపోతే, ఆ తలకూ ఎముకకూ నడుమ నలిగిన మూత్రాశయపు గోడ రక్తం అందక చచ్చుబడి, కాన్పైన కొన్ని రోజులకు ఊడిపోతుంది. అలా మూత్రాశయానికీ యోనికీ మధ్య ఏర్పడే రంధ్రమే ఫిస్టులా. దాన్ని మూసే శస్త్రచికిత్సను 1845–49 మధ్య అమెరికాలోని మాంట్‌గోమరీలో వైద్యుడు జె. మారియన్ సిమ్స్ నల్లజాతి బానిస స్త్రీల మీద, మత్తుమందు లేకుండా, చేసి నేర్చుకున్నాడు. అనార్కా అనే యువతికి దాదాపు 30 సార్లు ఆపరేషన్ చేశాక వెండి తీగ కుట్లు నిలిచాయి. 1852లో ఆ పద్ధతి అచ్చయింది. కుట్లు ఎవరి ఒంటి మీద పడ్డాయన్నది మాత్రం చాలాకాలం ఎవరికీ పట్టలేదు.

హైదరాబాదు ఈ కథలోకి మత్తుమందు దారిన వస్తుంది. 1846లో మొదలైన ఇక్కడి వైద్య పాఠశాలకు అధిపతిగా ఉన్న ఎడ్వర్డ్ లారీ, నిజాం ప్రభుత్వ సాయంతో 1888, 1889లలో క్లోరోఫామ్ కమిషన్లు నడిపి, మత్తు ఇచ్చేటప్పుడు నాడి కన్నా ఊపిరిని కనిపెట్టి ఉండాలని వాదించాడు (ఆ వాదన తర్వాత నిలవలేదు). ఆ పాఠశాలలోనే చదివిన రూపాబాయి ఫర్దూన్‌జీ క్లోరోఫామ్ ఇవ్వడంలో ఆరితేరింది. పరదా చాటున బాధ దాచుకునే స్త్రీలకు ఒక స్త్రీ వైద్యురాలు దొరకడం చిన్న సంగతి కాదు.

అయితే రంధ్రం మూసుకోవడం వేరు, మూత్రం ఆగడం వేరు. మూత్రనాళం పొట్టిదైపోయినా, దాన్ని బిగించి పట్టే కండరం చిరిగినా, మచ్చకట్టిన మూత్రాశయం కుంచించుకుపోయినా, ఆపరేషన్ నిక్షేపంగా కుదిరిన మనిషికి కూడా దగ్గితేనో బరువెత్తితేనో చీర తడుస్తుంది. 1974లో అడిస్ అబాబాలో ఫిస్టులా ఆసుపత్రిని స్థాపించిన హామ్లిన్ దంపతుల వంటి వారికి ఇది నిత్యానుభవం. వైద్యురాలు జుడిత్ గో చేసిన ఫిస్టులా వర్గీకరణలో రంధ్రపు అంచు మూత్రద్వారానికి 1.5 సెంటీమీటర్ల కన్నా దగ్గరగా ఉంటే అది నాలుగో రకం. తడి మిగిలిపోయే అవకాశం అక్కడే హెచ్చు. పొట్ట కండరాల పొరను పట్టీగా తీసి నాళానికి ఊతమివ్వడం ఒక మార్గం; మచ్చకట్టిన చోట కృత్రిమ పట్టీ ఒరుసుకుని బయటపడే ప్రమాదం ఉంది.

మళ్లీ హైదరాబాదుకు వస్తే, ఇక్కడ నీలోఫర్ ప్రసూతి ఆసుపత్రి 1953లో వచ్చింది, 108 అంబులెన్సులు 2005లో వచ్చాయి, నాచారంలో కార్మికులకు ఈఎస్‌ఐ ఆసుపత్రి ఉంది. దాంతో నగర శివారులోని జవహర్‌నగర్ వంటి కాలనీల్లో కూడా రోజుల తరబడి ఇంట్లోనే నొప్పులు పడాల్సిన అగత్యం తగ్గింది. పాత గాయాలు మోస్తున్నవారికి పరీక్ష రెండు మెట్లలో జరగాలి: మూత్రాశయంలో నీలి రంగు నీరు నింపి, యోనిలో ఉంచిన దూదికి రంగు అంటకపోతే రంధ్రం మూసుకున్నట్టు, ఆ తర్వాత ఆమెను దగ్గమని అడిగి, నీలం మూత్రద్వారం నుంచి చిందుతోందేమో చూడాలి.