మాంధాతల నాటి రాయి

అటక మీంచి దింపిన తుప్పు పట్టిన ట్రంకుపెట్టెను చూసి, "ఇది మాంధాతల నాటిది" అంటాం. ఆ మాట అంటున్నప్పుడు ఒక చక్రవర్తిని తలుచుకుంటున్నామన్న ఊహే మనకు రాదు. భూమండలాన్ని ఏలి, స్వర్గంలో సగం పుచ్చుకున్నవాడి పేరు చివరికి పాత సామాను పక్కన మిగిలింది. ఆ పతనం తలుచుకుంటే నాకు గుండె బరువెక్కుతుంది.

ఆయనకు తెలుగునేల ఒక రూపం కూడా ఇచ్చింది. జగ్గయ్యపేటలో ఊరివాళ్లు ధనబోడు అని పిలిచిన దిబ్బ ఒకటుంది. 1882లో పురావస్తు పరిశోధకుడు జేమ్స్ బర్జెస్ అక్కడ పరిశోధించినప్పుడు తేలింది లంకెబిందెలు కావు, ఒక బౌద్ధ స్తూపం. దాని చుట్టూ అమర్చిన పలనాటి సున్నపురాతి పలకల్లో ఒకదాని మీద రాజు నిలబడి ఉన్నాడు. క్రీస్తుపూర్వం 1వ శతాబ్దపు పనితనంగా దాన్ని ఎంచుతారు. రాజు మాంధాతేనని చాలామంది పండితుల మాట.

చెక్కడంలో లోతు తక్కువ. కాళ్లూ చేతులూ సన్నగా, పొడుగ్గా సాగి ఉంటాయి. తల మీద గొడుగు. చుట్టూ చక్రవర్తికి ఉండవలసిన ఏడు రత్నాలూ ఉన్నాయి: చక్రం, ఏనుగు, గుర్రం, మణి, రాణి, గృహపతి, పరిణాయకుడనే మంత్రి. రాజు కుడిచెయ్యి మబ్బుల వైపు ఎత్తాడు. మబ్బుల్లోంచి నలుచదరపు నాణేలు వానలా రాలుతున్నాయి. ఆనాటి బజారులో చేతులు మారిన, ముద్రలు కొట్టిన విద్దాంక నాణేల రూపమే వాటిది. ఆకాశం నుంచి పడే సిరిని శిల్పి తన ఊరి డబ్బుతోనే ఊహించుకున్నాడు.

బౌద్ధుల జాతక కథలో మాంధాత చప్పట్లు కొడితే చాలు, మోకాలి లోతున రత్నాలు కురిసేవి. బాల్యం 84,000 ఏళ్లు, యువరాజుగా 84,000 ఏళ్లు, రాజుగా మరో 84,000 ఏళ్లు. అయినా మనసు నిండలేదు. ఇంతకంటే మంచి చోటు ఎక్కడుందని అడిగి, చక్రరత్నాన్ని ముందు నడిపించుకుంటూ దేవలోకానికి వెళ్లాడు. ఇంద్రుడు ఎదురొచ్చి సగం రాజ్యమిచ్చాడు. ఒకరి తర్వాత ఒకరుగా 36 మంది ఇంద్రులు గతించారు. మాంధాత మాత్రం చెక్కుచెదరలేదు.

అప్పుడు పుట్టిందొక ఆలోచన: సగమెందుకు? ఇంద్రుణ్ని చంపితే అంతా నాదే కదా!

ఆ తలపుతోనే ఆయుష్షు కరగడం మొదలైంది. కాలం ఇన్నేళ్లూ తాకని ఒంటిని ముసలితనం ఒక్కసారిగా కమ్ముకుంది. మనిషి దేహం దేవలోకంలో రాలకూడదట. అందుకని స్వర్గం నుంచి జారి, తను ఎప్పుడో విడిచివచ్చిన రాజోద్యానంలో పడ్డాడు. కబురు మోసింది తోటమాలి. అయినవాళ్లు పరుగున వచ్చి అక్కడే పడక వేశారు. కడసారి లోకానికి ఏం చెప్పమంటారని అడిగారు. భూమినీ స్వర్గాన్నీ ఏలిన మాంధాత కోరిక తీరకుండానే పోయాడని చెప్పండన్నాడు.

శిల్పి ఈ పతనాన్ని చెక్కలేదు. ఎత్తిన చేతినీ, రాలే నాణేలనూ చెక్కి ఊరుకున్నాడు. స్తూపానికి ప్రదక్షిణ చేసే భక్తులకు మిగతా కథ తెలుసు. ఆ రాజే తర్వాతి జన్మల్లో బుద్ధుడయ్యాడనీ తెలుసు. ఆ నిండుదనం ముందు నిలబడ్డవాళ్లకు కూలిపోవడం దానంతటదే కళ్లలో మెదిలి ఉంటుంది.

తర్వాత స్తూపం వంతు వచ్చింది. 3వ శతాబ్దంలో ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుని పాలన 20వ ఏట సిద్ధార్థుడనే శిల్పి ఇక్కడ స్తూపపు వేదిక మీద నిలబెట్టే ఆయక స్తంభాలు నిలిపాడు. ఆ తర్వాత ఎప్పుడో దీపాలు ఆరాయి, ప్రదక్షిణలు ఆగాయి, ఇటుకలు మట్టిలో కలిశాయి. నాణేల వాన కురిసే రాజు ధనబోడు కింద ఉన్నాడని ఎవరికీ గుర్తులేకుండా పోయింది. ఇప్పుడా పలక చెన్నై ఎగ్మూరు మ్యూజియంలో, ప్రదక్షిణ లేని చోట ఉంది.

మాంధాత కోరినవేవీ ఆయనకు చాలలేదు. తోటలో పడి అడిగింది మాత్రం చాలా చిన్నది: ఈ మాట నలుగురికీ చెప్పండని. ఆ ఒక్క కోరికా తీరింది. పతనాన్ని చెక్కకుండానే జగ్గయ్యపేట శిల్పి దాన్ని తీర్చాడు.