బుల్లెట్ వెనక చక్రం, మిగిలిపోయిన గొట్టం, నూటయాభై ఏళ్ళ చరిత్ర

పోయిన దసరాకి తెనాలి వెళ్ళినప్పుడు నేనో ఘనకార్యం చేశాను. మా నాన్న బుల్లెట్ వెనక చక్రం విప్పి, బేరింగులు మార్చి, మళ్ళీ బిగించాను. నాలుగేళ్ళు మెకానికల్ ఇంజనీరింగ్ చదివి, ఆ తర్వాత ఒక్క నట్టు కూడా విప్పకుండా హైదరాబాదులో జావా రాసుకుని బతుకుతున్నవాణ్ణి. ఈ ఒక్క పనైనా చేస్తే డిగ్రీకి న్యాయం చేసినట్టుంటుందని ఆశ. 1993లో కొన్న బండి అది. దానికి నాకంటే వయసెక్కువ, మా ఇంట్లో నాకంటే మర్యాద కూడా ఎక్కువే :-)

అంతా బిగించాక చూస్తే, కింద పరిచిన పాత పేపరు మీద ఒక చిన్న ఇనప గొట్టం మిగిలింది. రెండు బేరింగుల మధ్య ఉండే గొట్టం. "లోపల ఊరికే దొర్లుతూ ఉండేదే కదా, దీనికోసం మళ్ళీ అంతా ఎవడు విప్పుతాడు" అనుకున్నాను. యాక్సిల్ నట్టు బిగించాను. చక్రం పట్టేసింది. నట్టు కాస్త వదులు చేశాను. చక్రం హాయిగా తిరిగింది. సమస్య తీరిపోయిందనుకుని చేతులు కడుక్కున్నాను.

మర్నాడు నాన్న అమ్మని ఎక్కించుకుని గుంటూరు బయల్దేరారు. ఊరు దాటి ఏడెనిమిది కిలోమీటర్లు పోయేసరికి బండి వెనకభాగం అటూ ఇటూ ఊగడం మొదలెట్టింది. నాన్నది ముప్పయ్యేళ్ళ చెయ్యి కాబట్టి, కంగారుపడి బ్రేకు తొక్కకుండా మెల్లగా పక్కకి తీసి ఆపారు. చూస్తే నట్టు చేత్తో తిప్పితే వచ్చేస్తోందట. వెనకాలే లారీ ఉందన్న సంగతి అమ్మ చెప్పింది, నాన్న చెప్పలేదు. ఆయన ఫోన్ చేసి "ఒరేయ్, ఆ పేపరు మీద ఏమైనా మిగిలిందేమో చూడు" అన్నారంతే. తిట్టినా బాగుండేది.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. చక్రం పట్టేస్తే నట్టు వదులు చెయ్యాలని నాకెవరు నేర్పారు? ఆలోచిస్తే దొరికింది. మా వీధి చివర సైకిల్ షాపు తాత! పదేళ్ళ వయసులో ఆయన దగ్గర కూచుని చూసేవాణ్ణి. "గట్టిగా బిగించు, తర్వాత పిసరంత వదులు చెయ్యి" అనేవాడు. ఆయన చెప్పింది తప్పు కాదు. నేను సైకిల్ సూత్రాన్ని తీసుకెళ్ళి మోటార్ సైకిల్‌కి పెట్టాను. ఈ రెండింటికీ మధ్య ఏం మారిందో తెలుసుకుందామని చదువుతూ పోతే, వెనక చక్రంలో ఇంత చరిత్ర ఉందా అనిపించింది.

మొదట్లో చక్రాలన్నీ మన ఎద్దుబండి ఇరుసులాంటివే. ఇరుసు మీద రంధ్రం, మధ్యలో కందెన. సైకిల్‌కి బాల్ బేరింగులు పెట్టినవాళ్ళలో మొదటగా చెప్పుకునే పేరు పారిస్ సైకిల్ మెకానిక్ జూల్ సురిరే. 1869లో పేటెంటు తీసుకున్నాడు. అదే ఏడాది నవంబరులో పారిస్ నుంచి రూఆన్ దాకా జరిగిన పోటీలో జేమ్స్ మూర్ అలాంటి బేరింగులున్న సైకిల్ మీదే గెలిచాడు. 1877లో బర్మింగ్‌హామ్‌లో విలియం బౌన్, జోసెఫ్ హ్యూస్ కలిసి, అరిగిపోయేకొద్దీ సర్దుకోగలిగే బేరింగు తెచ్చారు. 1883లో జర్మనీలోని ష్వైన్‌ఫుర్ట్‌లో ఫ్రీడ్రిష్ ఫిషర్ ఉక్కు గోళీలన్నీ ఒకే సైజులో, గుండ్రంగా అరగదీసే యంత్రం చేశాడు. ఆ తర్వాతే గోళీలు చవకయ్యాయి.

మన మామూలు సైకిల్ చక్రంలో ఉండే కప్పు, కోను ఆ సంతతే. అందులో గోళీలకి ఎంత ఖాళీ ఉండాలో నిర్ణయించేది మెకానిక్ చెయ్యి. కోను బిగిస్తే చక్రం పట్టేస్తుంది, వదిలేస్తే ఊగుతుంది. మధ్యలో ఎక్కడ ఆపాలో తాతకి వేళ్ళతో తెలుసు. ఆపాక పక్కన ఇంకో నట్టుతో లాక్ చేసేవాడు. ఇక్కడొక చిన్న సంగతి. సైకిల్లో కూడా వదులు చేసేది లోపలి కోనుని. చక్రాన్ని ఫ్రేముకి పట్టి ఉంచే బయటి నట్టుని ఎప్పుడూ పూర్తిగా బిగించాల్సిందే. అంటే నేను తాత చెప్పింది కూడా సగమే నేర్చుకున్నానన్నమాట. హతవిధీ!

సరే, బుల్లెట్ దగ్గరకొద్దాం. ఆ కంపెనీ పుట్టుక కూడా సైకిళ్ళతోనే. ఇంగ్లండులో రెడిచ్ అనే ఊరు సూదుల తయారీకి ప్రసిద్ధి. అక్కడ సూదులు చేసే టౌన్సెండ్ కంపెనీ సైకిళ్ళలోకి దిగి దెబ్బతింటే, 1891లో ఆల్బర్ట్ ఈడీ, రాబర్ట్ వాకర్ స్మిత్ తీసుకున్నారు. ఎన్‌ఫీల్డ్‌లోని ప్రభుత్వ తుపాకుల ఫ్యాక్టరీకి విడిభాగాలు చేసే కాంట్రాక్టు దొరికింది. ఆ పేరే రాయల్ ఎన్‌ఫీల్డ్ అయింది. 1901లో మొదటి మోటార్ సైకిల్ చేశారు. అప్పటికి అది ఇంజను తగిలించిన సైకిలే. ఇంజను ముందు హ్యాండిల్ దగ్గర, నడిచేది వెనక చక్రం, మధ్యలో పొడుగాటి తోలు బెల్టు!

బెల్టు పోయి గొలుసు వచ్చాక కొత్త తలనొప్పి మొదలైంది. తోలు బెల్టు కాస్త జారుతుంది, సాగుతుంది. గొలుసుకి ఆ దయాదాక్షిణ్యాలు లేవు. ఇంజను కొట్టే ప్రతి దెబ్బా నేరుగా చక్రానికి తగులుతుంది. అందుకని 1910ల మొదట్లోనే రాయల్ ఎన్‌ఫీల్డ్ వాళ్ళు వెనక హబ్బులో రబ్బరు ముక్కలు పెట్టి ఆ దెబ్బని మింగించారు. ఇవాళ బుల్లెట్ వెనక డ్రమ్ము విప్పితే కనిపించే రబ్బర్లు అవే. "పాతవి అరిగాయి కానీ పర్లేదు" అని వదిలేసేవాళ్ళు వందేళ్ళ పైబడిన ఒక జవాబుని పారేస్తున్నట్టే.

ఇక బేరింగు సంగతి. 1903లో రాబర్ట్ కాన్రాడ్ పేటెంటు చేసిన పద్ధతిలో గోళీలు, లోపలి రింగు, బయటి రింగు అన్నీ కలిపి ఫ్యాక్టరీలోనే ఒక యూనిట్‌గా చేసేస్తారు. గోళీలకి ఎంత ఖాళీ ఉండాలన్నది అక్కడే తేలిపోతుంది. మెకానిక్ వేళ్ళకి ఇక పని లేదు. మోటార్ సైకిల్ చక్రాల్లోకి ఇవే వచ్చాయి. కానీ ఒక చిక్కుంది. హబ్బులో రెండు వైపులా రెండు బేరింగులు. బయటి రింగులు హబ్బు అంచుల మీద కూర్చుంటాయి. మధ్యలో ఆధారం లేకుండా యాక్సిల్ బిగిస్తే, లోపలి రింగులు రెండూ ఒకదానివైపు ఒకటి జరిగి గోళీలని పక్కనుంచి నొక్కేస్తాయి. చక్రం పట్టేస్తుంది. దానికి మందే ఆ గొట్టం. అది లోపలి రింగుల మధ్య నిలబడితే స్పేసర్లు, రింగులు, గొట్టం అన్నీ కలిసి ఒకే స్తంభంలా అవుతాయి. అప్పుడు నట్టు ఎంత బిగించాలో అంతా బిగించొచ్చు, అయినా చక్రం తేలిగ్గా తిరుగుతుంది.

అంటే సైకిల్ షాపు తాత వేళ్ళు చేసిన పనిని ఇక్కడ ఆ గొట్టం చేస్తోంది. నేను "ఊరికే దొర్లేది" అన్నది దాన్ని.

ఇంకో మెట్టు. 1948లో బయటి ప్రపంచానికి కనిపించి, 1949లో అమ్మకానికొచ్చిన బుల్లెట్‌తో వెనక చక్రం స్వింగార్మ్ మీదకి ఎక్కింది. అంతకుముందు ఫ్రేముకి బిగుసుకుపోయిన చక్రం కాబట్టి గొలుసు వదులు ఎప్పుడు చూసినా ఒకటే. స్వింగార్మ్ వచ్చాక చక్రం పైకీ కిందకీ కదులుతుంది, దాంతోపాటు గొలుసు బిగువూ మారుతుంది. ముందు పళ్ళచక్రం, స్వింగార్మ్ ఇరుసు, వెనక యాక్సిల్ ఒకే గీత మీదకి వచ్చినప్పుడు అన్నిటికంటే బిగువు. అందుకే ఖాళీ బండికి గొలుసు సరిగ్గా ఉందని మురిసిపోకూడదు. ఇద్దరెక్కాక కూడా కాస్త వదులుండాలి.

1950లలో మన ఆర్మీ ఈ బండి కొనడం, 1955లో మద్రాస్ మోటార్స్‌తో కలిసి ఎన్‌ఫీల్డ్ ఇండియా పెట్టడం, తిరువొత్తియూరులో తయారీ మొదలవడం చాలామందికి తెలిసిన కథే. రెడిచ్ ఫ్యాక్టరీ 1967లో మూతపడింది. చక్రం మాత్రం మద్రాసు మీదుగా తెనాలి దాకా వచ్చింది.

మా ఆఫీసులో పాత కోడు చూసి "ఈ లైను దేనికో తెలీదు, తీసేద్దాం" అని ఎవరైనా అంటే మొదట అడ్డుపడేది నేనే. ఆ లైను వెనక ఎవరో ఒక రాత్రి పడ్డ అవస్థ ఉంటుందని అంటాను. ఇంటికెళ్ళి అదే పని నేను చేశాను. అక్కడ తప్పు జరిగితే సర్వర్ పడుతుంది. ఇక్కడ వెనక కూర్చున్నది మా అమ్మ.

తర్వాతి ఆదివారం మళ్ళీ విప్పాం. ఈసారి నాన్న పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నారు. పక్కనుంచి నొక్కుకుపోయిన బేరింగులు పారేసి కొత్తవి తెచ్చాం. హబ్బులోకి దించేటప్పుడు బయటి రింగు మీదే దెబ్బ వెయ్యాలి, లోపలి రింగు మీద కొడితే బేరింగు అక్కడే సగం చస్తుంది. మొదటి బేరింగు, తర్వాత గొట్టం, తర్వాత రెండోది. స్పేసర్లు ఎటువైపువి అటే. రెండువైపులా నత్తగుల్లలా ఉండే సర్దుబాటు బిళ్ళలు ఒకే గంటు మీద పెట్టాం. పాత ఫ్రేముని నమ్మకూడదని రెండు చక్రాలకీ ఆనించి ఒక తిన్నని బద్ద పెట్టి చూశాం. గొలుసు క్లిప్పు తెరిచిన నోరు గొలుసు కదిలే దిక్కుకి వెనక్కి ఉండేలా చూశాం. బ్రేకు పెడలు తొక్కి పట్టుకుని బ్రేకు ప్లేటు నట్టు, యాక్సిల్ నట్టు పూర్తిగా బిగించాను.

చక్రం తిప్పాను. తిరుగుతూనే ఉంది.

నాన్న పేపరు దులిపి చూశారు. ఏమీ మిగల్లేదు. "ఈసారి నువ్వు నడుపు, మీ అమ్మని నువ్వే తీసుకెళ్ళు" అన్నారు.