క్రీడారంగమున నంటరానితనము

మన దేశపు క్రికెట్టు చరిత్రమును వ్రాయువారు సాధారణముగా రాజకుమారుఁడగు రంజిత్‌సింహునితో నారంభింతురు. పూనాలోని దొరల క్లబ్బున నేల చదునుచేసి, రోలరు లాగి, వలలు కట్టిన పనివానితో నారంభించుటయే న్యాయమని నా తలంపు. అతఁడే పాల్వంకర్ బాలూ. 1876లో ధారవాడమునఁ జర్మకార కులమునఁ బుట్టెను. క్లబ్బువా రిచ్చు జీతము నెలకు 4 రూపాయలు.

దొరలకు బ్యాటుపట్టి యాడుటయే ప్రీతి. తమకు బంతులు వేయుటకు మాత్రము పనివాఁడు కావలెను. అందు గ్రెగ్ అను దొర నిత్యము బాలూచేత బంతులు వేయించుకొని యభ్యసించెడివాఁడు. అన్ని గంటలు బంతులు వేసిన బాలూకు బ్యాటుపట్టు నవకాశము మాత్ర మక్కడఁ గలుగలేదఁట! అతని యెడమచేతి విద్య యిట్లు యజమానుల వ్యాయామము కొఱకే పెరిగినది.

పూనా హిందువులకు దొరలను గెలువవలెనని కోరిక. గెలిపింపఁగలవాఁడో, చమారు. వాదోపవాదములు జరిగినవి, తుదకుఁ జేర్చుకొనిరి. ఎట్లు చేర్చుకొనిరి? మైదానమున నతఁడు ముట్టిన బంతినే బ్రాహ్మణులును ముట్టిరి, మైల యంటలేదు. ఆట యాపి తేనీరు పుచ్చుకొను వేళ మాత్రము తక్కినవారు లోపలఁ బింగాణి గిన్నెలలోఁ ద్రాగుచుండ, నతనికి వెలుపల మట్టిముంతలోఁ బోసిరి. భోజనమునకు వేఱు బల్ల. ఆ బంతియుఁ దోలుతోఁ గుట్టినదే యని యెవ్వరికిని దోఁచినట్లు లేదు.

1906లో బొంబాయిలో హిందువులు దొరలను 109 పరుగులతో నోడించిరి. 1911లో భారత జట్టు ఇంగ్లండునకుఁ బోయి పెక్కాట లోడినను, బాలూ యొక్కఁడే 114 వికెట్లు తీసెను. ఇంత చేసినను హిందూ జట్టునకు నాయకత్వ మతనికి దక్కలేదు. ప్రతిభ యక్కఱకు వచ్చినంతవఱకుఁ గులమును మఱచుట సులభమే. అధికార మీయవలసి వచ్చినప్పుడే యది జ్ఞప్తికి వచ్చును.

అతని తమ్ములు శివరాము, గణపతి, విఠలుఁడును మంచి యాటగాండ్రే. 1920లో బాలూను జట్టునుండి తొలగించి, విఠలుని కాదని వేఱొకని నాయకునిఁగా నియమింపఁగా, విఠలుఁడును శివరామును ఆడుట మానుకొని బహిరంగ లేఖ ప్రకటించిరి. తమ్ముఁ గులము కారణముగానే యవమానించిరని స్పష్టముగాఁ జెప్పిరి. సహాయనిరాకరణపు దినము లవి. దొరలపై నుపయోగించు నాయుధమును స్వజనులపై నెత్తుటకు మఱింత ధైర్యము వలయును. లేఖ వ్యర్థము కాలేదు. 1923లో విఠలుఁడు నాయకుఁడయ్యెను. ఆ పోటీలో హిందువులే గెలిచిరి.

1937 శాసనసభ యెన్నికలలోఁ గాంగ్రెసువారు బాలూను అంబేద్కరునకుఁ బ్రతిగా నిలిపిరి. పదునొకండుగురు గల జట్టునకు నాయకుఁడు కాఁజాలనివాఁ డీ పనికిఁ దగినవాఁ డయ్యెను! బాలూ యోడిపోయెను.