బొమ్మ లోపలి మనిషి

బుట్టబొమ్మ అనగానే ఇవాళ్టి పిల్లలకు 2020 నాటి సినిమా పాట గుర్తొస్తుంది. మా తరానికి ముద్దుగా ముస్తాబైన ఆడపిల్ల గుర్తొచ్చేది. మాటకు అసలు అర్థం అంతకంటే పాతది. వెదురు బద్దలతో బుట్టలా అల్లి, పైన కాగితం అతికించి, రంగులు వేసి, కోక చుట్టిన నిలువెత్తు బొమ్మ అది. కడుపు ఖాళీ. అందులో ఒక మనిషి దూరి, దాన్ని మోస్తూ ఊరేగింపులో ఆడతాడు. పెళ్లిళ్లలో, జాతరల్లో, దేవుడి కల్యాణోత్సవాల్లో మనమంతా చూసిందే.

ఈ సంచికకు మన పాఠశాల చరిత్ర రాయమని సంపాదకవర్గం అడిగింది. శంకుస్థాపనలు, భవనాలు, ప్రధానోపాధ్యాయుల వరస రాయడానికి నాకంటే సమర్థులున్నారు. స్వర్ణోత్సవ ఊరేగింపులో మన పాత జటాయువును మళ్లీ నడిపించాలని సంఘం అనుకుంటోంది కనుక, మనిషి తొడుక్కుని నడిచే పెద్ద బొమ్మల చరిత్ర రాస్తానన్నాను. కొంచెం అనుమానంగానే ఒప్పుకున్నారు. ముప్పై ఏళ్లు సాంఘికశాస్త్రం చెప్పినవాణ్ణి, రాజుల గురించి రాస్తాననుకున్నారేమో.

ఈ విద్యలో రెండు పాయలున్నాయి. ఒకటి మోసే పాయ, రెండోది కదిలే పాయ. మోసే పాయకు మన బుట్టబొమ్మే మంచి ఉదాహరణ. తణుకు ప్రాంతంలో వీటిని కట్టి ఆడించే కళాకారులు పేరుపడ్డవాళ్లు. బొమ్మ ముఖం చూసి జనం నవ్వుతారు. లోపలివాడికి మాత్రం ఛాతీ దగ్గరో పొట్ట దగ్గరో ఉన్న చిన్న సందులోంచి ముందువాడి వీపు తప్ప మరేమీ కనిపించదు. నేను చూసిన బొమ్మలకు చేతులు వదులుగా వేలాడుతుంటాయి. ఆడేవాడు గిర్రున తిరిగితే అవి వాటంతట అవే లేస్తాయి. చేతికి తాడూ లేదు, మీటా లేదు. ఆ వదులులోనే బొమ్మ ప్రాణమంతా ఉంది.

కదిలే పాయ తోలుబొమ్మలది. తల, భుజం, మోచెయ్యి, నడుము విడివిడిగా కోసి, చిల్లులు పెట్టి, దారంతో ముడివేస్తారు. ముడి బిగిస్తే చెయ్యి కొయ్యబారుతుంది, వదిలితే జారిపోతుంది. రెంటికీ మధ్య ఎక్కడ ఆపాలో చేతికే తెలియాలి. ధర్మవరం దగ్గర నిమ్మలకుంటలో ఈ పని తరతరాలుగా సాగుతోంది. ఆ ఊరి దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. తోలుబొమ్మను ఎవరూ తొడుక్కోరు నిజమే. కానీ బుట్టబొమ్మ మోతకు తోలుబొమ్మ ముడి తోడైతేనే మనం జటాయువు అని పిలుచుకునే వస్తువు తయారవుతుంది.

ఈ రెండూ కలిసిన బొమ్మలు తూర్పు దేశాల్లో ఎప్పటినుంచో ఉన్నాయి. దక్షిణ చైనా సింహం తలను వెదురుతో, కాగితంతో కడతారు. ముందున్నవాడు తలను ఎత్తి పట్టుకుని దారాలతో నోరు, చెవులు, కనురెప్పలు ఆడిస్తాడు. వెనకున్నవాడు నడుము వంచి సింహానికి వీపవుతాడు. బాలి ద్వీపంలోని బారోంగుకూ ఇద్దరే. దాని కొయ్య దవడలు టకటకమంటుంటే చూడవచ్చిన పిల్లలు తల్లుల వెనక దాక్కుంటారు.

ఇక మన బడి సంగతి. నేను తొమ్మిదో తరగతిలో ఉండగా వార్షికోత్సవానికి సీతాపహరణం వేశారు. క్రాఫ్టు మాస్టారు జటాయువును టేకు రీపర్లతో కట్టారు. బొమ్మ బ్రహ్మాండంగా ఉంది, కానీ తొడిగినవాడు నాలుగడుగులు వేసి కూర్చుండిపోయేవాడు. ముగ్గురిని మార్చారు. నాలుగోవాడు మాకంటే ఏడాది పెద్ద, మేదర ఇంటి కుర్రాడు. మొదటి బల్లలో కూర్చునే మాకు అతనితో పెద్దగా మాటల్లేవు. అతను బొమ్మలో దూరి, వెంటనే బయటికొచ్చి, "బరువు బుజాలమీద కాదు మాస్టారండీ, నడుమ్మీద నిలబెట్టాలండి" అన్నాడు. మాస్టారికి కోపం రాలేదు. మర్నాడు రీపర్లు పోయి వెదురు బద్దలొచ్చాయి. తట్ట అంచులా చుట్టిన ఒక వలయం అతని నడుముకు కూర్చుంది, మిగతా పక్షంతా దాని మీద లేచింది. పైన పాత పేపర్లు, మైదా జిగురు, గోనెగుడ్డ. మెడకు సైకిల్ ట్యూబు ముక్కలు వరసగా అతికించారు, అందుకే తల తిప్పినప్పుడు మెడ ఒక క్షణం ఆలస్యంగా వెంట వచ్చేది. ముక్కు తెరవడానికి బ్రేకు తీగ. ఎడమ రెక్క మోచేతి దగ్గర జారుముడి. రావణుడు కత్తి ఎత్తగానే లోపలినుంచి ముడి లాగితే రెక్క ఊడి స్టేజీ మీద పడేది.

మీలో చాలామందికి ఆ రెక్క పడటమే గుర్తుండి ఉంటుంది. నాకు గుర్తున్నది ఆ తరవాతి ఘట్టం. పక్షి పడిపోయాక రాముడు వచ్చేదాకా కదలకుండా ఉండమని మాస్టారు చెప్పారు. అతను ఊరికే పడుకోలేదు. నడుము దగ్గరి వలయాన్ని కొద్దికొద్దిగా పైకీ కిందికీ కదిపాడు. పక్షి రొమ్ము ఎగసిపడింది. రాముడి వేషగాడు తన పద్యం మధ్యలో ఉండగా ఆ ఎగసిపాటు నెమ్మదించి ఆగిపోయింది. పందిట్లో ఆడవాళ్లు కళ్లొత్తుకున్నారు. రాముడు బాగా చేశాడని మరుసటి రోజు అందరూ మెచ్చుకున్నారు.

ఆ తరవాత చాలా ఏళ్లకు, ఈ సంగతులే వెతుక్కుంటూ చదివినప్పుడు, మా క్రాఫ్టు మాస్టారికి ఎదురైన చిక్కు ఎంత పెద్దవాళ్లకు ఎదురైందో తెలిసింది. 1954 నవంబరులో జపాన్‌లో గాడ్జిల్లా సినిమా విడుదలైంది. అంతకుముందు 1933లో వచ్చిన కింగ్‌కాంగ్‌లో చిన్న బొమ్మను ఒక్కో ఫ్రేముకూ కాస్త కాస్త జరుపుతూ చిత్రీకరించారు. ఎయిజి త్సుబురాయాకూ ఆ పద్ధతే ఇష్టం, కానీ అంత వ్యవధి లేదు. మనిషికి తొడుగు తొడగడమే దారి అయింది. సన్నని వెదురు బద్దలు, తీగలతో చట్రం కట్టి, పైన ఇనప జాలీ, మెత్తలు వేసి, రబ్బరుపాలు పూతలు పూశారు. తొలి తొడుగు వంద కిలోలు దాటింది. హరువో నకాజిమా అనే నటుడు అందులో కొన్ని అడుగులకే పడిపోయాడు. దాన్ని నడుము దగ్గర రెండుగా కోసి, కాళ్లు మాత్రమే కనిపించే చోట్లా, పై భాగం మాత్రమే కనిపించే చోట్లా వాడుకున్నారు. రెండో తొడుగు తేలికే అయినా, అందులోనూ ఏకబిగిన మూడు నిమిషాలకు మించి ఉండలేకపోయేవాడట. తోకను పైనుంచి తీగలతో లాగేవారు. ముఖం దగ్గరగా చూపవలసి వస్తే చేతికి తొడిగే బొమ్మను విడిగా వాడారు. నకాజిమా జంతుప్రదర్శనశాలకు వెళ్లి ఏనుగులు, ఎలుగుబంట్లు ఎలా అడుగు వేస్తాయో చూసి నేర్చుకున్నాడు. 1972 దాకా అతనే ఆ రాక్షసి. మనం చూసింది ఆ రాక్షసినే. బిగదీసిన ఊపిరితో దాని మెడలోని చిల్లుల్లోంచి అతను మనల్ని చూశాడు.

జటాయువుకు దగ్గర చుట్టం అమెరికాలో ఉంది. 1969 నవంబరు 10న మొదలైన పిల్లల కార్యక్రమం సెసమీ స్ట్రీట్‌లోని పసుపుపచ్చ పక్షి, బిగ్ బర్డ్. ఎత్తు ఎనిమిది అడుగుల రెండంగుళాలు. ఊహ జిమ్ హెన్సన్‌ది, కట్టింది కెర్మిట్ లవ్, ఆడించింది కరోల్ స్పిన్నీ. కుడిచెయ్యి నిటారుగా నెత్తిమీదికి ఎత్తితే అదే పక్షి మెడ, పిడికిలే తల. చిటికెనవేలితో మీట నొక్కితే రెప్పలు వాలేవి. ఎడమచెయ్యి ఎడమ రెక్కలో ఉండేది. మరి కుడి రెక్క? దానికి చెయ్యి మిగల్లేదు. చేపల గాలానికి వాడే దారాన్ని రెండు రెక్కలకూ కట్టి, గొంతు కింద ఉంగరంలోంచి పోనిచ్చారు. ఎడమ రెక్క దిగితే కుడి రెక్క లేస్తుంది, అంతే! ఈ దారం సంగతి చదివి ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు. మన జారుముడి కట్టినవాడు దీన్ని చూస్తే ఎంత సంబరపడేవాడో అనుకున్నాను. తరవాత చెబితే నిజంగానే సంబరపడ్డాడు. "చెయ్యి లేకపోతే రెండో చెయ్యే దానికి పని చెయ్యాలండి" అన్నాడు.

స్పిన్నీకి లోపలినుంచి బయటి లోకం కనిపించేది కాదు. ఛాతీకి కట్టుకున్న చిన్న టీవీలో, కెమెరా తనను ఎలా చూస్తోందో అది చూస్తూ నడిచేవాడు. అలా దాదాపు నలభై అయిదేళ్లు, ఎనభై దాటేదాకా చెయ్యెత్తి నిలబడ్డాడు. 2015లో ఒళ్లు నిలదొక్కుకోలేక తొడుగు మానేసి, ఇంకో మూడేళ్లు గొంతు మాత్రం ఇచ్చాడు. 2019 డిసెంబరులో కన్నుమూశాడు.

హెన్సన్ 1982లో తీసిన డార్క్ క్రిస్టల్ సినిమాలో గార్థిమ్ అనే పీతల్లాంటి జీవుల తొడుగులు ఎంత బరువంటే, షాటుకూ షాటుకూ మధ్య మనిషితో సహా వాటిని కొయ్యలకు తగిలించి బరువు దించేవారు. డబ్బుకు, పనితనానికి లోటులేని చోటే ఇది జరిగింది. అందుకే మన టేకు రీపర్లను చూసి ఎవరూ నవ్వనక్కర్లేదు.

లోపలివాణ్ణి దాచడం ఎందుకని అడిగినవాళ్లూ ఉన్నారు. 1997లో బ్రాడ్‌వేలో లయన్ కింగ్ నాటకానికి జూలీ టేమర్ నటుల ముఖాలు కనబడేలాగే జంతువులను కట్టింది. చేతులకూ కాళ్లకూ పొయ్యికాళ్లు తగిలించుకున్న మనిషి జిరాఫీగా నడుస్తుంటే మనిషీ కనిపిస్తాడు, జిరాఫీ కనిపిస్తుంది. దక్షిణాఫ్రికాలో 1981లో ఎడ్రియన్ కోలర్, బేసిల్ జోన్స్ స్థాపించిన హ్యాండ్‌స్ప్రింగ్ బొమ్మలాట సంస్థ 2004లో, ఈజిప్టు పాషా ఫ్రాన్సు రాజుకు కానుకగా పంపిన జిరాఫీ కథతో ఒక నాటకం వేసింది. ఆ జిరాఫీని చూసే లండన్ నేషనల్ థియేటర్ వాళ్లు 2007లో వార్ హార్స్ నాటకంలోని గుర్రాన్ని వీరికి అప్పగించారు. బెత్తాన్ని నానబెట్టి వంచిన పక్కటెముకలు, లోపలిది కనిపించే పల్చని గుడ్డ, తోలు చెవులు. ముగ్గురు ఆడిస్తారు. తల దగ్గర ఒకరు, ముందుకాళ్ల మధ్య ఒకరు, వెనక ఒకరు. చెవులు తిప్పేది సైకిల్ బ్రేకు మీటలే. నడక నేర్చుకోవడానికి ముందు ఆ ముగ్గురూ నేర్చుకునేది ఒక్కలా ఊపిరి తీయడం. లోపలివాళ్లు మోకాళ్లు కొద్దిగా వంచి లేస్తే గుర్రం డొక్కలు ఆడతాయి. అది చదివినప్పుడు మన పందిట్లో ఆగిపోయిన ఆ రొమ్ము మళ్లీ నా కళ్ల ముందుకొచ్చింది. ఎవరూ నేర్పకుండా ఒక పదిహేనేళ్లవాడు చేసిన పని అది.

ఆనాటి గ్రూపు ఫోటో ప్రధానోపాధ్యాయుల గదిలో ఇప్పటికీ ఉంది. కింద పేర్లు వరసగా రాశారు. రాముడు, లక్ష్మణుడు, రావణుడు వేసినవాళ్ల పేర్లన్నీ ఉన్నాయి. కుడిచివర పక్షి ఉన్నచోట "జటాయువు" అని మాత్రం ఉంది. ఆయన పదో తరగతి తప్పి బడి మానేశాడు. పది పూర్తిచేసినవాళ్లనే సంఘంలో చేర్చుకుంటూ వచ్చాం కనుక మన సభ్యుల జాబితాలోనూ ఆయన లేడు. ఇప్పటికీ ఇదే ఊళ్లో తట్టలు, తడికలు అల్లుతున్నాడు. ఆ ఫోటో కింద పేరు చేర్చాలని, జాబితాలోకి తీసుకోవాలని కార్యవర్గానికి విడిగా లేఖ ఇచ్చాను. ఈ సంచిక మీ చేతికి వచ్చేసరికి నిర్ణయం అయి ఉండాలి.

ఊరేగింపుకు గాలి నింపే నైలాను తొడుగులు అద్దెకు తెద్దామని కొందరు మిత్రులన్నారు. చవకే, తేలికే. ఫ్యాను ఆగితే కూలబడుతుందన్నది ఒక్కటే నా అభ్యంతరం కాదు. ఉబ్బిన బొమ్మకు ముడి ఉండదు, వదులూ ఉండదు. అది ఊగుతుంది గానీ చూడదు. వెదురుతోనే కడదామనీ, కట్టినవారికి మామూలు కూలి కాక పనితనానికి తగ్గ డబ్బు ఇద్దామనీ నా అభిప్రాయం. లోపల ఇద్దరు ముగ్గురు పిల్లలు మారుతూ ఉండాలి. పది నిమిషాలకొకసారి దించాలి. పక్కన నీళ్లతో, దారి చూపుతూ ఒకరు నడవాలి. ఊరేగింపు బడి గేటు చేరాక పక్షి తల తీసి లోపలివాళ్లు జనానికి దణ్ణం పెట్టాలి.

ఇదంతా ఆయనకు చెప్పడానికి పోయిన ఆదివారం వాళ్లింటికి వెళ్లాను. లేఖ మాట ఎత్తితే, "ఇప్పుడెందుకండీ అయ్యన్నీ" అని మాట తప్పించాడు. పక్షి మాట ఎత్తేసరికి చేతిలో తట్ట పక్కన పెట్టాడు. మనవడి నడుము కొలత తాడుతో తీసి ముడి వేసుకున్నాడు. వెదురు మాత్రం పచ్చిదే కావాలట. "ఎండినదైతే బద్ద విరిగిపోద్దండి. పది బొంగులు చాలు. చెప్పిన వారానికే తెప్పించండి, ఆలీసెం చెయ్యకండి" అన్నాడు.