కంటి పొలిమేర విత్తనము

మన పల్లెలలో రైతు కళ్ళము నూర్చిన పిమ్మట ధాన్యమునంతను తినుటకే దాచుకొనడు. మేలైన గింజను ఏరి విత్తనమునకై నిలుపును. ఎంత కరవు వచ్చినను ఆ గింజపై చేయి వేయుటకు జంకును. తినిన గింజ ఈ యేటి ఆకలిని తీర్చును. నిలిపిన గింజ రాబోవు ఏండ్ల ఆకలిని తీర్చును. అట్లని పంటనంతను విత్తనముగనే కట్టిపెట్టినచో ఇంటిల్లిపాదియు ఈ యేడే పస్తులుండవలసి వచ్చును. ఎంత తినవలెను, ఎంత నిలుపవలెను అను లెక్కయే సేద్యమునకు ప్రాణము. మన దేహమునందును ఇట్టి లెక్క నిరంతరము జరుగుచున్నది. దానిని పండితులు కనుగొనిన చరిత్రమును, ఆ జ్ఞానము హైదరాబాదు నగరమున చూపు కోల్పోయినవారికి చూపుగా పరిణమించిన విధమును చదువరులకు నివేదింప నెంచితిమి.

మన చర్మము, రక్తము, కంటి పైపొర అను నివి ఒకసారి నిర్మింపబడి నిలిచిపోవునవి కావు. అరిగిన కణములు రాలిపోవుచుండగా క్రొత్తవి వచ్చి చేరుచుండును. ఆ క్రొత్తవానిని పుట్టించునవి మూలకణములు. మూలకణము విభజింపబడినప్పుడు కలుగు పిల్లకణములకు రెండు మార్గములు కలవు. తల్లివలెనే మూలకణమై నిలుచుట యొకటి. దీనిని పునర్నవీకరణ మందురు. ప్రత్యేకమైన రూపమును పనిని వహించి, ఆ పని ముగిసిన పిదప నశించుట రెండవది. దీనిని విభేదన మందురు. మొదటిది విత్తనము, రెండవది పంట. పిల్లకణములన్నియు పంటయైనచో విత్తనము తరిగిపోవును. అన్నియు విత్తనమే యైనచో పని చేయు కణము లుండవు. పక్వమునకు రాక పెరుగుటయే పనిగా గల కణములు కొన్ని రక్తపు క్యాన్సరులలో దేహమును నాశనము చేయుచున్నవి.

ఈ విషయము మొదట రక్తమునందు తేటపడినది. 1961 వ సంవత్సరమున కెనడా దేశపు టొరంటో నగరమున టిల్, మెకల్లక్ అను నిరువురు, కిరణములచే స్వంత మూలుగ నశించిన ఎలుకలకు వేరొక ఎలుక ఎముకల మూలుగ నెక్కించి, వాని ప్లీహమునందు చిన్న చిన్న గడ్డలు లేచుటను గమనించిరి. ఒక్కొక్క గడ్డయు ఒక్కొక్క కణమునుండి పుట్టినదని తరువాత స్థిరపడినది. ఆ గడ్డలలో మరల గడ్డలను పుట్టింపగల కణములును కలవు గాని, ఒక గడ్డలో ఎక్కువ, వేరొక దానిలో తక్కువ. దీనినిబట్టి 1964 లో వారును, సిమినోవిచ్ అను పండితుడును కలిసి, ఒక్కొక్క కణము విత్తనమగునో పంటయగునో ముందుగా చెప్పజాలమనియు, సమూహము మొత్తముమీద మాత్రమే లెక్క సరిపోవుననియు ప్రతిపాదించిరి. 1978 లో షోఫీల్డ్ అను నాతడు మరియొక మాట చేర్చెను: మూలకణమును మూలకణముగా నిలుపునది దాని స్వభావము మాత్రమే కాదు, అది నివసించు తావును గూడ. తావు వీడిన కణము క్రమముగా పంటవైపు మరలును.

ఇక కంటి సంగతి. నల్లగ్రుడ్డుపై గడియారపు అద్దమువలె అమరిన స్వచ్ఛమైన పటలమును కార్నియా యందురు. దానిపై కొలది వరుసల కణములతో పలుచని పొర యొకటి కలదు. అది ఇంచుమించు వారము పది దినములలో క్రొత్తది యగుచుండును. ఈ క్రొత్తకణము లెచటినుండి వచ్చును? తెల్లగ్రుడ్డును కప్పిన పొరయే రూపు మార్చుకొని ఇట్లగునని పూర్వము పలువురు తలచిరి. 1971 లో డావాంగర్, ఎవెన్సన్ అను నార్వే దేశస్థులు, తెలుపు నలుపుల నడిమి పొలిమేరయందలి మడతలే దీనికి పుట్టినిల్లని సూచించిరి. ఆ పొలిమేరను లింబస్ అందురు. 1986 లో షెర్మర్, గాల్విన్, సన్ అనువారు, పక్వమైన కార్నియా కణములలో నుండు ఒక ప్రత్యేకమైన కెరటిన్ ఆ పొలిమేర అడుగు కణములలో లేదని చూపిరి. అనగా అవి ఇంకను పంటగా మారనివి. 1989 లో కోట్సరేలిస్ మొదలగువారు ఎలుక కన్నులందు పరీక్షించి, అరుదుగా విభజింపబడు కణములు పొలిమేరయందే కలవనియు, గాయమైనప్పుడు అవి మేల్కొని త్వరగా విభజింపబడుననియు నిరూపించిరి. మామూలు దినములలో పొదుపు, ఆపదవేళ వ్యయము. ఇదియే వాని నీతి.

ఈ నీతి చెడినచో ఏమగునో మా హుజూర్‌నగరు సీమవారు తెలిసికొనుట మిక్కిలి అవసరము. ఇది సున్నపురాతి నేల. మట్టంపల్లి, మేళ్ళచెరువు ప్రాంతములలో సిమెంటు కర్మాగారములు వెలసినవి. వెల్లవేయు సున్నము, తాంబూలపు సున్నము ప్రతి యింటికిని పరిచితములే. సున్నమును సిమెంటును క్షారములు. క్షారము కంట బడినచో ఆమ్లముకంటె లోతునకు దిగును. పొలిమేర కణములు కాలిపోయినచో విత్తనము నశించినట్లే. అప్పుడు తెల్లగ్రుడ్డు పొర రక్తనాళములతో సహా నల్లగ్రుడ్డు మీదికి ప్రాకి కన్ను మసకబారును. ఇట్టి కంటికి నేత్రదానమువలన లభించిన కార్నియా నమర్చినను అది చాలకాలము నిలువదు. దానిపై పొరను క్రొత్తగా నేయు మూలకణములు లేవు గదా! అది విత్తనము లేని చేనిలో పరుల పైరును నాటుట వంటిది.

కావున విత్తనమునే నాటవలెనని వైద్యులు తలచిరి. 1989 లో అమెరికాలో కెన్యన్, సెంగ్ అనువారు మంచికంటి పొలిమేరనుండి పెద్ద ముక్కలను తీసి చెడినకంట అతికిరి. కాని అట్లు చేయుటవలన మంచికంటికిని నష్టము వాటిల్లు భయముండెను. 1997 లో ఇటలీలో పెల్లెగ్రినీ మొదలగువారు ఒక చదరపు మిల్లీమీటరు ముక్కను ప్రయోగశాలలో పెంచి పొరగా చేసి ఇద్దరు రోగులకు అమర్చిరి.

హైదరాబాదున గుళ్ళపల్లి నాగేశ్వరరావుగారు స్థాపించినదియు, చలనచిత్ర నిర్మాత ఎల్. వి. ప్రసాదుగారి దానముచే ఆయన పేర వెలసినదియు నగు నేత్ర వైద్య సంస్థ 2001 లో ఈ మార్గమును చేపట్టినది. శస్త్రవైద్యుడు వీరేందర్ సంగ్వాన్, ప్రయోగశాలలో గీత వేముగంటి మొదలగువారు, కాన్పువేళ లభించు ఉమ్మనీటి సంచి పొరపై కణములను పెంచి అమర్చిరి. 2011 లో ప్రకటించిన లెక్క ప్రకారము 200 కన్నులలో 142 కన్నులకు స్థిరమైన పైపొర లభించినది. 2012 లో సంగ్వాన్, సయన్ బసు, బాలసుబ్రమణియన్ మొదలగువారు మరింత సులభమైన పద్ధతిని ప్రకటించిరి. పొలిమేరనుండి రెండు మిల్లీమీటర్ల పొడవు వెడల్పులు గల ముక్కను తీసి, ఎనిమిది పది తునకలు చేసి, చెడిన కంటిపై పరచిన ఉమ్మనీటి పొరమీద జిగురుతో నాటుటయే ఆ పద్ధతి. ప్రయోగశాలలో పెంపకము అక్కరలేదు, కన్నే నారుమడి. మొదటి ఆరుగురు రోగులకును ఆరు వారములలో పొర నిలిచినది. 2016 లో 125 గురి వృత్తాంతమును ప్రకటింపగా నూటికి 76 గురికి ఫలము కలిగినది. కర్మాగారము వంటి ప్రయోగశాలను నిర్మింపజాలని ఊళ్ళకును ఈ చికిత్స అందుబాటులోనికి వచ్చుట దీనివలని మహోపకారము.

ఎన్ని కణములు నాటితిమను దానికంటె వానిలో విత్తన మెంత కలదను దానియందే ఫల మున్నదని 2010 లో ఇటలీనుండి వెలువడిన లెక్క తెల్పుచున్నది. నాటిన పొరలో మూలకణపు గుర్తు గల కణములు నూటికి 3 కు మించినచో నూటికి 78 గురికి ఫలము కలిగెను. అంతకు తక్కువైనచో 11 గురికి మాత్రమే. నూటికి మూడు గింజలు చేను నిలుపుచున్నవి!

ఆ కొలది గింజలను కాపాడుకొనుట మన యింటి పని. కంట సున్నము గాని సిమెంటు గాని పడినచో ఆకుపసరు, చనుబాలు, ఆముదము వేయుచు జాము గడపరాదు. తత్‌క్షణమే ధారాళముగా మంచినీటితో చాలసేపు కడుగవలెను; రెప్పలక్రింద నిలిచిన నలుసులు తొలగునట్లు రెప్పలను తెరచి కడుగవలెను; పిదప ఆలస్యము లేక నేత్రవైద్యుని చెంతకు కొనిపోవలెను. తాంబూలపు సున్నపు పొట్లములను పిల్లల చేతి కందనీయరాదు. వెల్లవేయువారికిని సున్నము కలుపువారికిని కన్నులకు అద్దము లిచ్చుట యజమానుని ధర్మము. పోయిన విత్తనమును మరల నాటగల నేర్పరులు మన నగరముననే కలరనుట గర్వకారణమే. అయినను ఆ నాటుటకు మంచికంటనైనను విత్తనము మిగిలియుండవలెను గదా!