వైట్‌నర్ పీల్చే పిల్లలు కనిపిస్తే తరమొద్దు.. ఎందుకంటే?

హైదరాబాద్: స్టేషనరీ షాపులో దొరికే చిన్న సీసా. రాసింది తప్పు పోతే దాని మీద పూయడానికి కొంటాం. పాతబస్తీలో కొందరు పిల్లలు దాన్నే కర్చీఫ్ మీద వొంపి, ముక్కుకి ఆనించి పీలుస్తారు. పంక్చర్ షాపుల్లో, చెప్పులు కుట్టే చోట వాడే సొల్యూషన్‌నీ ఇలాగే వాడతారు. ‘వైట్‌నర్ బ్యాచ్ హల్‌చల్’ అని ఇలాంటి వీడియోలకు టైటిల్ పెట్టేయడం ఈజీ. మేమూ పెట్టాం. కానీ ఆ వీడియోల్లో ఎవరూ చెప్పని విషయం ఒకటుంది. మత్తులో ఉన్న పిల్లాడిని తరిమితే ప్రాణం పోవచ్చు.

అసలేం జరుగుతుంది?

ఈ సీసాల్లో, సొల్యూషన్‌లో ఎక్కువగా ఉండేది టోలీన్ లాంటి సాల్వెంట్. పీల్చిన కొన్ని సెకన్లలోనే మెదడుకి చేరుతుంది. మాట తడబడుతుంది, నడక తూలుతుంది, ఆకలి తెలీదు. రోడ్డు మీద బతికే పిల్లలకు ఆ చివరిదే పెద్ద ‘లాభం’. పది, ఇరవై నిమిషాల్లో దిగిపోతుంది కాబట్టి మళ్లీ మళ్లీ పీలుస్తారు.

ఈ రసాయనం గుండెను అడ్రినలిన్‌కి అతిగా స్పందించేలా చేస్తుంది. అదే టైంలో భయపడినా, పరిగెత్తినా గుండె లయ తప్పి ఉన్నట్టుండి ఆగిపోవచ్చు. మొదటిసారి పీల్చినవాళ్లకైనా సరే ఇలా జరగొచ్చు. అందుకే అరవొద్దు, కొట్టొద్దు, వెంటపడొద్దు. నెమ్మదిగా మాట్లాడి గాలి తగిలే చోట కూర్చోబెట్టాలి. దగ్గర్లో బీడీ, అగ్గిపుల్ల వెలిగించనివ్వొద్దు, ఆవిరి అంటుకుంటుంది. స్పృహ తప్పితే పక్కకి తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చేయాలి.

ఏళ్ల తరబడి పీలిస్తే మెదడులోని తెల్ల పదార్థం దెబ్బతింటుంది. కిడ్నీలు పాడై, ఒంట్లో పొటాషియం పడిపోయి కాళ్లూ చేతులూ పట్టు తప్పుతాయి. త్వరగా మానేస్తే కొంతవరకైనా కోలుకోవచ్చు.

ఇంట్లో ఎలా గుర్తుపట్టాలి? బట్టల దగ్గర పెయింట్ లాంటి వాసన, వేళ్ల మీద తెల్ల మరకలు, ముక్కు, మూతి చుట్టూ పొక్కులు, జేబులో గుడ్డముక్క.

పిల్లల్లోనే ఎక్కువ

ఢిల్లీ ఎయిమ్స్ నిపుణులు కేంద్రం కోసం చేసిన సర్వే రిపోర్ట్ 2019లో వచ్చింది. పీల్చే మత్తు వాడకం పెద్దల్లో 0.58 శాతం ఉంటే, 10 నుంచి 17 ఏళ్ల పిల్లల్లో 1.17 శాతం. పెద్దల కంటే పిల్లల్లో ఎక్కువగా కనిపించిన మత్తు ఇదొక్కటే. సాయం అవసరమైన పిల్లలు దేశంలో 4.6 లక్షల మంది అని అంచనా.

వైట్‌నర్ గంజాయిలా ఎన్‌డీపీఎస్ చట్టంలోకి రాదు. 2012 జూలైలో కేంద్ర ఆరోగ్య శాఖ సీసాల్లో వచ్చే వైట్‌నర్, థిన్నర్ రిటైల్ అమ్మకాన్ని నిషేధించింది. పెన్ను రూపంలో, తక్కువ మోతాదులో, హెచ్చరికతో అయితే అమ్మొచ్చు. పిల్లలకు మత్తు పదార్థాలు ఇస్తే జువెనైల్ జస్టిస్ చట్టం 77వ సెక్షన్ కింద ఏడేళ్ల వరకు జైలు, లక్ష దాకా జరిమానా. పాతబస్తీలో వైట్‌నర్ అమ్మిన షాపుల వాళ్లపై పోలీసులు ఈ చట్టం వాడిన సందర్భాలున్నాయి. అయినా రోజూ వచ్చి రెండు సీసాలు కొనే పదేళ్ల పిల్లాడిని పోలీసుల కంటే ముందు చూసేది కౌంటర్ దగ్గర కూర్చున్న షాపాయనే. నీళ్లతో చేసిన వైట్‌నర్లు కూడా మార్కెట్లో ఉన్నాయి, వాటిలో టోలీన్ ఉండదు. వాటినే పెట్టుకుంటే వ్యాపారం ఏమీ ఆగిపోదు.

సరుకు మారిస్తే పనవుతుందా అంటే, ఆస్ట్రేలియాలో అయింది. అక్కడి ఎడారి ప్రాంతాల్లో ఆదివాసీ పిల్లలు పెట్రోల్ పీల్చేవారు. మత్తెక్కించే రసాయనాలు బాగా తగ్గించిన ‘ఓపల్’ అనే పెట్రోల్‌ని 2005లో బీపీ కంపెనీ తెచ్చాక ఆ అలవాటు భారీగా తగ్గింది. 2013లో దానికి చట్టం కూడా చేశారు. అయితే పెట్రోల్ ఒక్కటే కాదు. యుండుము అనే ఊళ్లో వార్ల్‌పిరి తెగ పెద్దలు 1994 నుంచే పీల్చే పిల్లల్ని ఊరికి దూరంగా మౌంట్ థియో అనే చోటుకి తీసుకెళ్లి, తమ దగ్గరే ఉంచుకుని మాన్పించారు. ఊళ్లో మిగతా పిల్లలకు ఆటలు, పనులు పెట్టారు.

మన దగ్గర ఈ రెండో సగమే బాగా తక్కువ. పిల్లాడిని పట్టుకుని, కౌన్సెలింగ్ చేసి, మళ్లీ అదే ఫుట్‌పాత్ మీద వదిలితే సాయంత్రానికి అదే సీసా.

ఎక్కడికి వెళ్లాలి?

ఈ అలవాటుకి ప్రత్యేకంగా మందు అంటూ లేదు. కౌన్సెలింగ్, తిండి, నిద్ర, పక్కన ఒక మనిషి.. ట్రీట్‌మెంట్ ఎక్కువగా ఇదే. ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయంలో డీ-అడిక్షన్ చికిత్స ఉంది. మత్తు మాన్పించే సలహా కోసం 14446, రోడ్డు మీద ఒంటరిగా ఉన్న పిల్లల కోసం 1098. రెండూ టోల్ ఫ్రీ నంబర్లే.