తిరుగు టికెట్టు

'ఆయా' మన మాట కాదు. పోర్చుగీసు నుంచి ఇంగ్లీషు దొరల ఇళ్ళ మీదుగా మన బళ్ళలోకీ, ఆసుపత్రుల్లోకీ, అంగన్‌వాడీల్లోకీ వచ్చింది. మనకు అంతకుముందే 'దాది' ఉంది. 'ధాత్రి' నుంచి వచ్చిన ఆ మాట వినగానే పాలిచ్చి పెంచే స్త్రీ గుర్తొస్తుంది. ఆయా అంటే జీతానికి కుదిరిన మనిషి. ఇవాళ మన ఇళ్ళలో ఈ రెండు మాటలూ వాడకుండా "మా పాపను చూసుకునే ఆవిడ" అని సరిపెట్టుకుంటున్నాం.

ప్రసూతి సెలవు అయిపోయి మళ్ళీ కాలేజీకి వెళ్ళాల్సి వచ్చినప్పుడు అలాంటి ఒకామె కోసం నేనూ వెతికాను. ఆ రోజుల్లోనే, పరిశోధన చేసేవాళ్ళకుండే జబ్బు కొద్దీ, జూలియా మైట్‌లండ్ ఉత్తరాలు మళ్ళీ తెరిచాను. ఆమె భర్త రాజమండ్రిలో జడ్జి. 1836-39 మధ్య ఆమె మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి ఇంటికి రాసిన ఉత్తరాలు 1843లో లండన్‌లో పుస్తకంగా వచ్చాయి. అట్ట మీద ఆమె పేరు లేదు. ఎవరో ఒక దొరసాని రాసినవి అని మాత్రమే ఉంది.

పసిబిడ్డ కోసం కుదుర్చుకున్న పాలదాది గురించి జూలియా ఒకచోట విసుక్కుంటుంది. దాది తన కులం వాళ్ళు వండితే తప్ప తినదు. అందుకోసం ప్రత్యేకంగా ఒక వంటమనిషి, కాంపౌండులో కొబ్బరాకులతో కట్టిన వంటపాక. అయినా ఎవరో దగ్గరికి వచ్చారన్న అనుమానం వస్తే చాలు, రోజంతా పస్తుంటుంది. దొరసానికి ఇది మూఢత్వం. నాకు మాత్రం ఇందులో రెండు విషయాలు కనిపించాయి. ఆ ఇంట్లో తన షరతులు నెగ్గించుకోగలిగిన పనిమనిషి ఆమె. నెగ్గించుకునే బలం ఆమెకు కులం నుంచి వచ్చింది. దొరల ఇళ్ళలో ఆయాలుగా చేరిన దళిత, క్రైస్తవ స్త్రీలెంతోమందికి ఆ బలం లేదు. కాబట్టి ఆమె పట్టుదలను స్త్రీల ప్రతిఘటన అని చప్పున మెచ్చుకోవడానికి నాకు మనసొప్పదు. పైగా పాలిచ్చే దాది అంటే ఈమధ్యే బిడ్డను కన్న తల్లి కదా! ఆ బిడ్డ ఎవరి పాలు తాగింది? ఉత్తరాలు చదువుతున్నంతసేపూ నన్ను వదలని ప్రశ్న ఇది.

జూలియాకు ఇంకో భయం కూడా ఉంది. కూతురికి మన భాషలు వచ్చేస్తాయేమోనని. నవ్వకండి. మా పాప నోట మొదట వచ్చిన మాటల్లో పాలమూరు యాస విని మా బంధువుల్లో కొందరు ఇదే ముఖం పెట్టారు.

ఓడలెక్కిన ఆయాల కథ వేరు. ఇంగ్లండుకు తిరిగి వెళ్ళే కుటుంబాలు ప్రయాణంలో పిల్లల్ని చూసుకోవడానికి వాళ్ళని వెంట తీసుకెళ్ళేవి. తీరం చేరాక తిరుగు ప్రయాణపు ఖర్చు ఎగ్గొట్టి వదిలేసిన సందర్భాలు ఎన్నో. వాళ్ళ కోసం లండన్‌లో 'ఆయాల హోమ్' వెలిసింది. 1900లో దాన్ని లండన్ సిటీ మిషన్ తీసుకుని హాక్నీ ప్రాంతానికి మార్చింది. మతం మార్చాలన్న ఉద్దేశం వాళ్ళు దాచుకోలేదు. అయితే అక్కడొక పద్ధతి ఉండేది. తీసుకొచ్చిన కుటుంబం తిరుగు టికెట్టును హోమ్‌కి అప్పగించాలి. ఇండియాకు వెళుతూ ఆయా కావలసిన మరో కుటుంబానికి మేట్రన్ ఆ టికెట్టు అమ్మేది. ఆ డబ్బు అంతవరకూ ఆయా తిండికీ బసకీ సరిపెట్టేవారు. ఒక ఉద్యోగం అయ్యేలోపు ఇంకొకటి, దానితోపాటు ఇంటికి దారి. దొరసాని ఎంత మంచిదో, పిల్లలు ఆయాను ఎంత ప్రేమించారో అన్న జ్ఞాపకాలు కొల్లలు. ఆయాను ఇంటికి చేర్చింది మాత్రం ఆ టికెట్టే.

ఓడ ప్రయాణికుల జాబితాల్లో వాళ్ళు చాలాసార్లు 'ఫలానా దొరసాని ఆయా'గానే ఉన్నారు. పేరు మిగిలిన కొద్దిమందిలో ఒకామె మిసెస్ ఆంటొనీ పరేరా. 1922 నాటికి ఆమె ఇండియాకీ ఇంగ్లండుకీ మధ్య 54 సార్లు ప్రయాణించింది. దొరికిన ఆ ఒక్క పేరూ భర్తదే! హాక్నీలోని ఆ ఇంటికి 2022లో స్మారక ఫలకం పెట్టారు.

ఇదంతా చదివాక నేను మంచిదాన్నని ఆమెకు నమ్మకం కలిగించే ప్రయత్నం మానేశాను. ఇద్దరం కూర్చుని ఒక నోటుబుక్కులో రాసుకున్నాం. పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం అయిదు. మేం ఊరెళ్ళినా ఆ రోజుల జీతం కోత పడదు. పాప పని తప్ప వేరే పని చెప్పకూడదు. వద్దనుకుంటే ఎవరైనా నెల ముందు చెప్పాలి, నేను వద్దంటే ఇంకో నెల జీతం ఇవ్వాలి. అయిదు అన్నది ఆమె పెట్టిన షరతు. ఏడో తరగతి చదివే కూతురు బడి నుంచి వచ్చేసరికి తను ఇంట్లో ఉండాలి. మొదటి నెలలోనే యూనివర్సిటీలో సాయంత్రం సెమినార్ పడింది. ఒక్కరోజు ఉండమని అడిగాను. కుదరదంది. సెమినార్‌లో నా పేపర్ పొద్దుటికి మార్పించుకున్నాను. నిర్వాహకులకు అది నచ్చలేదు.

2017 సవరణతో నాలాంటివాళ్ళకు 12 వారాల ప్రసూతి సెలవు 26 వారాలైంది. ఇళ్ళలో పనిచేసే స్త్రీకి ఆ చట్టం వర్తించలేదు. 2011లో అంతర్జాతీయ కార్మిక సంస్థ ఇంటిపనివారి హక్కుల ఒడంబడిక చేసినప్పుడు మన దేశం దానికి అనుకూలంగా ఓటేసింది. ఆమోదించడం మాత్రం ఇంకా కాలేదు. ఈలోగా నా పిహెచ్.డి. సిద్ధాంత గ్రంథం పుస్తకమవుతోంది, ఆమె మా పాపను నిద్రపుచ్చే గంటల్లో.

నేను ఆమెను అక్కా అంటాను. ఆమె నన్ను మేడం అంటుంది. అక్కా అన్నంతమాత్రాన జీతం పెరగదని ఇద్దరికీ తెలుసు. పుస్తకం ముందుమాటలో పేరు వేయనా అని అడిగితే, పాప చొక్కాలు మడతపెడుతూ చెప్పింది: "ఒద్దు మేడం, నా పేరు రాయకుండ్రి. మా ఊర్ల నేను బట్టల దుకాణంల చేస్తున్న అనుకుంటున్నరు."